మిరపకాయల కొట్లో తెల్ల ఎలుక

మా మనవరాలు కాలేజీ వాళ్ళతో కలిసి నాలుగు రోజులు ఊరు వెళుతూ తన రెండు ఎలుకల్ని నాకు అప్పగించి పోయింది. ఎలుకల్ని అప్పగించడమేమిటని మీరు నవ్వుతారని తెలుసు, నేనూ నవ్వాను. మన ఈడు వాళ్ళకి ఎలుకంటే అటక మీద చప్పుడు, బియ్యం బస్తాకి చిల్లు, కొరికేసిన పట్టుచీర అంచు. మన కాలంలో ఎవరైనా ఎలుకకి వ్యాయామం చేయించారంటే, చీపురుకట్ట పుచ్చుకుని వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా దాన్ని తరమడమే. ఇప్పుడు నరసరావుపేటలో మా అమ్మాయి ఇంట్లో ఒక గది సగం వాటిదే. అట్టపెట్టెలతో కట్టిన సొరంగాలు, పాత తువ్వాలుతో వేసిన ఉయ్యాల, తవ్వుకోవడానికి మట్టి పోసిన పళ్ళెం, ఎక్కి దిగడానికి తాళ్ళు, పరిగెత్తడానికి ఒక పెద్ద చక్రం. రోజూ సాయంత్రం తలుపులు వేసి వాటిని గదిలోకి వదలాలట, తిండి గిన్నెలో పెట్టకుండా కాగితం ఉండల్లో దాచి వెతుక్కోనివ్వాలట, లేకపోతే వాటికి విసుగు పుడుతుందట. ఒక్కదాన్నే పెంచితే దిగులుపడుతుందని రెండు తెచ్చిందట. ఈ ఇంట్లో నా విసుగు గురించి ఇంతగా ఆలోచించినవాళ్ళు లేరని నేను సణిగితే మా అమ్మాయి నవ్వి ఊరుకుంది.

అంతవరకు బాగానే ఉంది. చెప్పులు వేసుకుంటున్న పిల్ల కాస్తా ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఆ గదిలో అగరొత్తి వెలిగించొద్దని, సాంబ్రాణి పొగ అసలే తగలనివ్వొద్దని చెప్పింది. వాటి ఊపిరితిత్తులు సున్నితమట, దుమ్మూ పొగా ఘాటూ పడవట. చివరికి ఈ మాట అంది.

"అమ్మమ్మా, కళ్ళ దగ్గర గానీ ముక్కు దగ్గర గానీ ఎర్రగా కనపడితే వెంటనే నాకు ఫోన్ చెయ్యి. చూట్టానికి రక్తంలా ఉంటది గానీ రక్తం కాదు. ఒంట్లో బాగాలేకపోయినా, చానా దిగులుగా ఉన్నా వాటికి అట్టా కారుద్ది."

అది ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నేను ఆ గదిలోనే కుర్చీలో కూర్చుని చాలాసేపటి దాకా లేవలేకపోయాను, అదీ మోకాళ్ళ వల్ల కాదు. యాభై ఏళ్ళకు పైగా నేను కుంకుమ అనుకుంటూ వచ్చింది కుంకుమ కాదని ఆ పిల్ల చెప్పులు వేసుకుంటూ చెప్పి పోయింది.

మా పుట్టిల్లు సత్తెనపల్లి. నాన్నది మిరపకాయల కమీషన్ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు, కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక్క తలుపు. శివరాత్రి దాటిందంటే క్రోసూరు వైపు నుంచీ పెదకూరపాడు వైపు నుంచీ ఎడ్లబళ్ళు వచ్చి మా కొట్టు ముందు బారులు తీరేవి. బస్తాలు దించేవాళ్ళు, కాటా వేసేవాళ్ళు, మంచి కాయలోంచి తెల్లబారిన తాలుకాయ ఏరే ఆడవాళ్ళు, వీళ్ళందరికీ మజ్జిగ అందించే మా అమ్మ, ఇలా వేసవి వెళ్ళేదాకా ఇల్లంతా సందడీ ఘాటూ కలిసిపోయి ఉండేవి. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు మొదటి ఏడాదంతా తుమ్ముతూనే కాపురం చేస్తుందని మా నాయనమ్మ వేళాకోళం చేసేది, తనూ అలాగే చేసిందట, మా అమ్మా అలాగే చేసిందట. ఘాటు లేని మిరపకాయల కొట్టంటే తాళం పడిన కొట్టని లెక్క కనుక దాన్ని విసుక్కున్నవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

నాకు పదేళ్ళప్పుడు ఒక శివరాత్రికి నాన్న నన్ను కోటప్పకొండ తిరునాళ్ళకి తీసుకువెళ్ళాడు. ప్రభలు చూసి, చెరుకు కొనుక్కుని తిరిగి వస్తుంటే ఒకచోట జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఒకాయన ముందు వైపు తీగె అల్లిన చిన్న చెక్క గూడు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో రేకు చక్రం, చక్రంలో పాలనురుగులాంటి తెల్ల ఎలుక ఆపకుండా పరిగెత్తుతోంది. తెల్ల ఎలుక ఇంట్లో ఉంటే లక్ష్మి ఉన్నట్టేనని మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో ముందునుంచీ అనుకునేదే. ఆ అమ్మేవాడు దానికి ఇంకొకటి తగిలించాడు. ఈ చక్రం తిరిగినంత కాలం మీ కొట్లో సరుకు తిరుగుతుందన్నాడు. నాన్న ఇంకేమీ అడగలేదు. జతగా తీసుకొమ్మని వాడు బతిమాలాడు గానీ, జత తెస్తే ఏడాదికల్లా ఇల్లు మనకి మిగలదని నాయనమ్మ అంటుందనే భయంతో ఒక్కదాన్నే కొన్నాడు. అలా నల్ల ఎలుకలకి బోను పెట్టి తెల్ల ఎలుకకి బెల్లం పెట్టే ఇల్లయింది మాది.

గూటిని గల్లాపెట్టె పక్కన దూలానికి వేలాడగట్టారు. ఎలుకని నాన్న అమ్మవారు అనేవాడు, నేను పిల్లా అనేదాన్ని, అది రెంటికీ పలికేది కాదు గానీ నేను వెళితే తీగెల దాకా వచ్చి మూతి బయట పెట్టేది. ఆ ఏడాది మిరపకి మంచి ధర వచ్చింది, బళ్ళు ఎక్కువ వచ్చాయి, చక్రం గరగరమని తిరుగుతూనే ఉండేది. పొద్దున్నే కొట్టు తెరిచి దీపం పెట్టగానే నాన్న మొదట చూసేది దాని వంకే. బేరం మధ్యలో చక్రం తిరగడం మొదలైతే ఆయన మొహం వెలిగిపోయేది, రైతులు కూడా ఆ శబ్దం విని నవ్వుకునేవాళ్ళు.

దాని పోషణ నాది, ఎందుకంటే ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు. మధ్యాహ్నం భోజనాలై కొట్లో బేరాలు సద్దుమణిగాక గూటిని నడవలోకి తెచ్చి, తలుపులన్నీ వేసి, దాన్ని వదిలేదాన్ని. కందిపుల్లలు దారంతో కట్టి నిచ్చెన చేశాను. కొబ్బరిచిప్ప బోర్లించి ఒకవైపు పగలగొడితే ఇల్లయింది, గోనెసంచి చుడితే గుహయింది, అమ్మ కుట్టుమిషను దగ్గర ఖాళీ అయిన దారపు కండెలు దొర్లించుకునే బండ్లయ్యాయి. వేరుశనక్కాయలు పాత గుడ్డల్లో మూటకట్టి దాస్తే అది ముడి కొరికి, కాయ రెండు చేతులతో పట్టుకుని, గింజ తిని, తొక్క పక్కన పెట్టేది. నా జడ పట్టుకుని భుజం మీదికి ఎక్కేది. నా పరికిణీలకి చిల్లులు పడుతున్నాయని అమ్మ రోజూ గొడవ చేసేది. మా మనవరాలికి ఇవన్నీ ఫోను నేర్పింది, నాకు నేర్పినవాళ్ళు లేరు, ఆ ఎలుక ఎటు చూస్తే అటు నేనూ చూసేదాన్ని, అంతే. ఎవరితోనైనా పూర్తిగా సంతోషంగా ఉన్నానని నేను చెప్పగలిగిన మధ్యాహ్నాలు నా జీవితంలో అవే మొదటివి.

మరుసటి ఏడాది రోడ్లు బాగుపడ్డాయి. దానికి ఊరంతా సంతోషించింది, మేమూ సంతోషించాం. శివరాత్రి వచ్చింది, వెళ్ళింది, కొట్టు ముందు బళ్ళు పలచబడ్డాయి. ధర ఇంకా పెరుగుతుందన్న మాటలకి ఆశపడి నాన్న తన సొంతానికి కొన్న బస్తాలు గోడ పొడుగునా పేరుకుపోయి, రోజులు గడిచినా కదలలేదు. మా కొట్టుకి అందరికంటే ఎక్కువ సరుకు తెచ్చే పెద్దరైతు ఒకాయన ఉండేవాడు. క్రోసూరు వైపు మనిషి కనుక నేను ఆయన్ని క్రోసూరు మామయ్య అనేదాన్ని. ఆయన ఒకరోజు బస్సు దిగి, సరుకు లేకుండా వట్టి చేతులతో వచ్చి, అరుగు మీద కూర్చుని, ముఖం పక్కకి పెట్టుకుని చెప్పాడు.

"ఏమనుకోమాక శెట్టీ. లారీ మా కల్లంలోకే వస్తంది. కాయ ఎత్తితే నేరుగా గుంటూరులో దించుద్ది. మధ్యలో ఈడ ఆగాల్సిన పనేంది, నువ్వే చెప్పు."

నాన్న మజ్జిగ తెప్పించాడు. ఆ మాటకి చెప్పడానికి ఏముంది, నిజమే కదా. తాగించి, బస్సు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాడు. వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుని చక్రం వంక చూశాడు. అది ఆగి ఉంది.

నిజానికి అప్పటికే కొన్నాళ్ళుగా అది నెమ్మదించింది. చక్రం ఎక్కినా కాస్త తిరిగి దిగిపోయేది, నడవలో వదిలినా నిచ్చెన సగం ఎక్కి ఆలోచిస్తున్నట్టు కూర్చునేది. ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్ళేనని మాకెవరికీ తెలియదు. కోటప్పకొండలో కొన్నప్పుడే దాని వయసెంతో అమ్మినవాడికైనా తెలుసో లేదో. నాన్నకి మాత్రం ఒకటే అర్థమైంది. చక్రం ఆగింది కనుక సరుకు ఆగింది. రోజూ మధ్యాహ్నం లక్ష్మిని కొట్లోంచి లేపి లోపలికి తీసుకుపోతుంటే ఇంక బేరాలు ఎలా నిలుస్తాయని, ఆ పూట నుంచి గూటిని దూలం మీంచి దించవద్దన్నాడు. చక్రానికి ఎదురుగా బెల్లం ముక్క దారానికి కట్టి వేలాడదీశాడు. అది బెల్లం వాసన చూసి, నడవలేక, అక్కడే కూర్చునేది. ఒకనాడు చక్రంలో అది ఉండగానే చేత్తో తిప్పాడు. అది రేకు అంచుని గట్టిగా పట్టుకుని తలకిందులుగా ఒక చుట్టు తిరిగి వచ్చింది. నేను ఏడుపు అందుకుంటే ఆయన గబుక్కున చెయ్యి తీసేసి చాలాసేపు నా వైపు చూడలేదు. మా నాన్న క్రూరుడు కాదని ఇక్కడ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చీమల బారు కనిపిస్తే అడుగు పక్కకి వేసే మనిషి ఆయన.

ఒక శుక్రవారం పొద్దున కొట్లోంచి నాన్న కేక వినిపించింది. కంగారుగా అందరం పరిగెత్తాం. తెల్ల ఎలుక ముక్కు మీద, రెండు కళ్ళ చుట్టూ ఎర్రగా ఉంది. నాయనమ్మ దాన్ని వేలికొసతో తాకి చూసుకుంది. తడి లేదు, నెత్తురు వాసన లేదు, పొడిపొడిగా వేలికి అంటుకుంది. ఆ తెల్లటి బొచ్చు మీద ఆ ఎరుపు చూసిన ఏ ఇల్లాలైనా ఏమనుకుంటుందో మా నాయనమ్మా అదే అనుకుంది, చేతులు రెండూ జోడించి కళ్ళు మూసుకుంది. అమ్మవారు బొట్టు పెట్టుకుందంటూ నాన్న నవ్వాడు. ఆయన నవ్వగా మేం చూసి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వు చూసి అమ్మ కళ్ళు తుడుచుకుంది, నేను కూడా గంతులు వేశాను.

బజారంతా తెలిసిపోయింది. పక్క కొట్ల వాళ్ళు వచ్చారు, ఆడవాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని వచ్చారు, ఒకావిడ తన పసిబిడ్డని గూటి కింద మూడుసార్లు దాటించింది. ఇక రోజూ పొద్దునా సాయంత్రం గూటి ముందు కర్పూర హారతి, గుప్పెడు సాంబ్రాణి. మిరప దుమ్ము మీద సాంబ్రాణి పొగ కలిసి కొట్లో మనిషి మొహం కనపడేది కాదు. ఎలుక తుమ్మేది, తుమ్మి తుమ్మి మూలకి పోయి మూతిని చెక్క సందులో పెట్టుకునేది, ఊపిరి తీస్తే పక్కటెముకలు కదులుతూ గురగురమని శబ్దం వచ్చేది. మర్నాటికి ఎరుపు ఇంకా ఎక్కువయ్యేది. ఎరుపు ఎక్కువైందని మాకు సంతోషం, సంతోషం కొద్దీ ఇంకో గుప్పెడు సాంబ్రాణి. ఇప్పుడు ఇది రాస్తుంటే ఆ పొగలోకి చెయ్యి పెట్టి ఆ గూటిని లాగేసుకోవాలనిపిస్తోంది. ఎవరిని ఆపను, ఏమని ఆపను, అందరూ చేతులు జోడించి ఉన్నారు.

అప్పుడు నాకు తెలిసిందల్లా దానికి అక్కడ బాగాలేదని. ఎందుకు బాగాలేదో చెప్పే మాట నా దగ్గర లేదు. ఒక్క పూట పెరట్లోకి తీసుకువెళతానని అడిగాను, అలిగాను, అన్నం మానేశాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది, ఎదురు మాట్లాడటానికి వీలుండేది. అందరూ నా తల నిమిరి, అమ్మవారి మీద ప్రేమ అంటే అలా ఉండాలని మెచ్చుకున్నారు. చివరికి, మధ్య తలుపు దగ్గర పీట వేసుకుని దాన్ని గమనిస్తూ కూర్చునే నాయనమ్మే ఒక సాయంత్రం నాన్నతో అంది.

"ఒరేయ్, దానికి వయసు పైబడిందిరా. నన్ను పరిగెత్తమంటే పరిగెత్తగలనా? ఈ ఘాటుకి నాకే ఊపిరాడటంలా. కాసేపు పెరట్లో పెట్టించరా నాయనా."

మొన్ననే కదా తెచ్చింది, అప్పుడే ముసలిదెలా అవుతుందని నాన్న అన్నాడు. బొట్టు పెట్టుకుని కూర్చున్న లక్ష్మిని, అదీ ఈ రోజుల్లో, గడప ఎలా దాటించమంటావని అడిగాడు. అది నిజంగా అడగడమే, అందులో కోపం లేదు, ఎవరైనా చెబితే బాగుండునన్నట్టు అడిగాడు. నాయనమ్మ పీట తీసుకుని లేచింది. దగ్గుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత కొద్ది రోజులకి, ఎండలు ముదిరిన వేళ, మా వీధి వెంట మిరప బస్తాల లారీలు ఒకదాని వెనక ఒకటి గుంటూరు వైపు వెళ్ళాయి. ఒక లారీ మీద మా క్రోసూరు మామయ్య కూర్చుని ఉన్నాడు. మా కొట్టు దగ్గరికి వచ్చేసరికి తలపాగా సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాడు. నాన్న గుమ్మంలో నిలబడి చివరి లారీ మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత లోపలికి వచ్చి, పీట ఎక్కి, దూలానికి ఉన్న ముడి తనే విప్పి, గూటిని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"తీసుకుపోవే. దీనికేం కావాలో నాకు తెలవటంలా."

పెరట్లో మునగచెట్టు కింద, అమ్మ అంట్లు తోమిన నీళ్ళతో నేల చల్లగా ఉన్నచోట గూటి తలుపు తీశాను. నిచ్చెన ఆనించాను, కొబ్బరిచిప్ప పెట్టాను, వేరుశనక్కాయలు దాచకుండా ఎదురుగానే పోశాను. అది మెల్లగా బయటికి వచ్చింది. తడి మట్టి వాసన చూసింది. ముందుకాళ్ళతో కాస్త మట్టి తవ్వింది, దాని జన్మలో మట్టి తవ్వడం అదే మొదటిసారేమో. మళ్ళీ తవ్వబోయి ఆగిపోయి, నా దగ్గరికి వచ్చి పరికిణీ అంచు మీద పడుకుంది. తడిగుడ్డతో దాని మొహం తుడిచాను. ఎరుపు పోయింది, కాసేపటికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ తుడిచాను. మునగచెట్టు నీడ మా మీంచి జరిగి గోడ ఎక్కేసరికి దాని పక్కటెముకలు కదలడం ఆగిపోయింది. నాయనమ్మ వచ్చి చూసి, నన్ను లేపకుండా, వంటింట్లోంచి పసుపూ కుంకుమా తెప్పించి, ముత్తయిదువకి పెట్టినట్టు దాని నుదుటికి అద్ది, ఆ చెట్టు మొదట్లోనే పూడ్పించింది.

నాన్న పెరట్లోకి వచ్చి ఖాళీ గూటిని తీసుకువెళ్ళాడు. దాన్ని కడిగి, ఎండబెట్టి, మళ్ళీ దూలానికి వేలాడగట్టాడు. ఇంకో ఎలుక తెస్తాడేమోనని నేను ఎదురుచూశాను గానీ తేలేదు. ఒకరోజు పొద్దున కాఫీకి పిలవడానికి మధ్య తలుపు తీసేసరికి ఆయన దీపం పెట్టి, గూటి ముందు నిలబడి, తీగెల మధ్యలోంచి చూపుడువేలు పెట్టి ఆ ఖాళీ చక్రాన్ని తిప్పుతున్నాడు. గరగరమని అదే చప్పుడు. ఆయన మొహంలో నమ్మకం లేదు. నమ్మకం లేకపోయినా తిప్పుతున్నాడు. నన్ను చూశాడు, వేలు మాత్రం ఆపలేదు. నేను లోపలికీ పోలేక, ఆయన దగ్గరికీ వెళ్ళలేక గుమ్మంలోనే నిలబడిపోయాను. పై ఏడాది శివరాత్రికి ముందే కొట్టు మూసేశాం.

ఇప్పుడు కాలం మారింది, మంచికే మారింది. మా మనవరాలికి ఏ అనుమానం వచ్చినా అడగడానికి గుంటూరులో డాక్టరున్నాడు, చేతిలో ఫోనుంది, దేశం నలుమూలలా ఎలుకల్ని పెంచుకునే స్నేహితులున్నారు. కాస్త ఎర్రగా కనిపిస్తే అది గదిలో దుమ్ము దులిపిస్తుంది, మందు తెస్తుంది, ముసలిదైతే చక్రం తీసేసి మెత్తటి పక్క వేస్తుంది. అది చూస్తే నాకు ముచ్చటగానే ఉంటుంది. మాకు అడగడానికి ఎవరూ లేకపోవడమే కాదు, అడగాలని కూడా తెలియలేదు. గూట్లో ప్రాణం ఎందుకు డస్సిపోతోందో, కొట్లో బేరం ఎందుకు పడిపోతోందో నాన్నకి రెండూ అంతుపట్టలేదు. అంతుపట్టని మనిషి ఏం చేయగలడో అదే చేశాడు.

తర్వాత నాన్న వేరే పనులు చేసుకుని, మా పెళ్ళిళ్ళు చేసి, చాలా ఏళ్ళు బతికాడు. కొట్టు పోయిన సంగతి ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. కానీ అల్లుళ్ళు వచ్చినా, మనవలు వచ్చినా, శుక్రవారం పొద్దున మా కొట్లో అమ్మవారు బొట్టు పెట్టుకుని కూర్చున్న కథ మాత్రం చెప్పకుండా వదిలేవాడు కాదు. చెబుతూ చెబుతూ చేతులు జోడించేవాడు, మేమూ జోడించేవాళ్ళం. ఆయన పోయి చాలా కాలమైంది. ఇవాళ ఆయన ఉండి ఉంటే మనవరాలు అన్న మాట చెప్పేదాన్నా అని రెండు రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. చెప్పేదాన్ని కాదు. దేవుడు తన వైపు చూశాడని మా నాన్న అనుకున్న రోజు ఆయన మొత్తం జీవితంలో అదొక్కటే. ఆ ఒక్క రోజునీ ఆయన చేతుల్లోంచి నేనెలా లాక్కుంటాను?